దాచిన మోకాలు

ఫుట్‌బాల్ ఆటలో గోలు కొట్టినవాణ్ణి భుజాలకెత్తుకుంటారు. గోలు పడకుండా ఆపినవాడు తన చెప్పులు తానే వెతుక్కుని ఇంటికి పోతాడు. భూక్యా దేవ్‌సింగ్ పదేళ్లు ఆ ఆపే పనే చేశాడు. బొగ్గుగనుల టీంలో వెనక నిలబడే ఆటగాడు, స్టాపర్ బ్యాక్. సొమ్మొకడిది సోకొకడిదని ఏనాడూ ఏడవలేదు. పేరు కోసం ఆడితే కదా ఏడవడానికి! ఆయన ఆడింది గనిలోకి దిగకుండా ఉండడానికి.

టేకులపల్లి అడవంచున ఒక తండా ఆయనది. హాస్టల్ బడిలో ఉండగా బంతాట పట్టుబడింది. డెబ్భయ్యారులో ఇల్లెందు పోటీల్లో ఆయన ఆట చూసి గనుల టీం మేనేజరు వెంకటరామారావు కబురు పెట్టాడు.

"నా టీంలో బ్యాక్ ఆడు. ఉద్యోగం సంగతి నాకొదిలెయ్" అన్నాడు. అన్నట్టే ఇప్పించాడు. ఆటగాళ్లకు పని గని పైనే ఉండేది, కార్మికుల టోపీలకు తగిలించే దీపాలు అందించే గదిలో. పొద్దున దీపాలు, సాయంత్రం గ్రౌండు. టీంలోంచి పేరు తీసేస్తే మాత్రం కిందికి దిగి తట్టలెత్తి బొగ్గు నింపాల్సిందే. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఆ సంగతి అక్కడ ఎవరూ దాచలేదు.

దేవ్‌సింగ్‌కు గనంటే భయం. ఈ మాట చెప్పుకోవడానికి ఆయనకు సిగ్గు గానీ మనకెందుకు సిగ్గు? అడవిలో పుట్టినవాడికి నెత్తిన ఆకాశం లేకపోతే ఊపిరాడదు. చేరిన వారంలోనే గని చూపిస్తామని తీసుకెళితే, సగం మెట్లు దిగకుండానే వాంతి చేసుకుని పైకొచ్చేశాడు.

ఎనభై ఒకటిలో కొత్తగూడెంలో ఫైనల్ జరిగింది. చివరి నిమిషాల్లో ఎదుటివాడి కాళ్ల మధ్యనుంచి బంతి లాగేశాడు దేవ్‌సింగ్. ఎడమ మోకాలి లోపల ఏదో పటుక్కుమంది. టీం గెలిచింది. గోలు కొట్టినవాణ్ణి ఊరేగిస్తుంటే ఈయన గోలుపోస్టు పట్టుకుని నిలబడ్డాడు.

గనుల దవాఖానాకు పోతే దెబ్బ కాగితం మీదికెక్కుతుంది. కాగితం మీదికెక్కితే టీంలోంచి పేరు పోతుంది. అందుకని తండాకొచ్చి, ఎముకలు కట్టే దూలయ్య దగ్గర కూర్చున్నాడు. మినప్పిండిలో గుడ్డుసొన కలిపి పట్టించి, వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టాడు దూలయ్య. మూడు నెలలు కాలు కింద పెట్టొద్దన్నాడు. ఇరవయ్యో రోజున విప్పేశాడు మన వీరుడు, మళ్లీ టోర్నమెంటు ఉంది మరి.

"గా కాలుతోని ఎట్ల ఆడుతవ్? గింత కుంటుతున్నవ్" అంది భార్య కమ్లి.

"కుంటు కనబడకుండ నడుసుడు నేర్సుకుంట. ఎనకనుంచి నువ్వు సూడు."

నేర్చుకున్నాడు. రోజూ పొద్దున్నే జొన్నచేను గట్టు మీద నడిచేవాడు. కమ్లి వెనక నిలబడి "ఇగో, ఇప్పుడొరిగినవ్" అని పట్టుకునేది. బరువు ఏ క్షణంలో కుడికాలికి మార్చాలో, నొప్పి పుట్టినప్పుడు ముఖం ఎలా పెట్టుకోవాలో, అన్నీ పట్టుబడ్డాయి. రెండు నెలలకు కమ్లికే తప్పు దొరకలేదు. గ్రౌండులో ఎడమకు తిరగాల్సిన అవసరం రాకుండా ముందే అటు జరిగి నిలబడేవాడు. బంతి ఎటు వస్తుందో వీడికి ముందే తెలుస్తుందని వెంకటరామారావు మురిసిపోయేవాడు. ఏటా డాక్టరు ముందు నడిచి ఫిట్ అనిపించుకునేవాడు దేవ్‌సింగ్.

అలా అయిదేళ్లు నెట్టుకొచ్చాడు. ఎనభై ఆరులో టీంలోకి కొత్త రక్తం ఎక్కించారు. దేవ్‌సింగ్‌కు దండేసి, చెయ్యి కలిపి, ఇక విశ్రాంతి తీసుకోమన్నారు. విశ్రాంతి అంటే ఆ సోమవారమే గనిలో మొదటి షిఫ్టు.

పదేళ్లు దిగాడు. దిగడానికి మూడొందల మెట్లు, ఎక్కడానికీ అవే మూడొందలు. ఇప్పుడు కాలు దాచాల్సిన పనేముంది? కానీ ఒంటికి పట్టిన విద్య ఊరికే పోతుందా? గేటు దగ్గర ఎవరైనా చూస్తున్నారంటే చాలు, కాలు దానంతటదే తిన్నగా పడేది. కుంటేది ఇంట్లోనే.

తొంభై ఆరు నాటికి కొడుకు మోతీలాల్‌కు పంతొమ్మిదేళ్లు. ఇంటర్ తప్పి తిరుగుతున్నాడు. కార్మికుడు పనికి పనికిరాడని మెడికల్ బోర్డు రాస్తే ఉద్యోగం కొడుక్కి వచ్చే రోజులవి. దేవ్‌సింగ్ దరఖాస్తు పెట్టాడు. కొడుక్కి బతుకు, తనకు ఆకాశం. జీవితంలో ఆయన ఇంతగా ఏదీ కోరుకోలేదు.

బోర్డుకు పోయే పొద్దున కమ్లి గడపలో నిలబడి చెప్పింది: "ఇయ్యాల సిగ్గుపడకు. మంచిగ కుంటు."

బల్లవెనక ముగ్గురు డాక్టర్లు. పెద్ద డాక్టరు ఫైలు తిరగేశాడు. "ఎక్స్‌రేలో ఎముకలు బాగానే ఉన్నాయి. దెబ్బ ఎప్పుడు తగిలింది?"

"ఎనభై ఒకటిల సార్. ఫైనల్ల."

"ఆ ఏడూ ఫిట్ అని ఉంది. తర్వాత అయిదేళ్లూ ఫిటే. ఎక్కడ చూపించుకున్నావు?"

"మా దిక్కు దూలయ్య అని, కట్టు కడతడు సార్."

పక్క డాక్టరు నవ్వాపుకున్నాడు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. ఆయన చెడ్డవాడేం కాదు. "సరే, ఆ గోడ దాకా నడిచి రావయ్యా" అన్నాడు.

దేవ్‌సింగ్ కుంటాలనే లేచాడు. ముగ్గురి కళ్లూ మోకాలి మీద పడ్డాయి. అంతే, కాలు ఆయన మాట వినలేదు. బరువు సమయానికి కుడికి మారింది, ముఖం ప్రశాంతమైంది, అడుగు తిన్నగా పడింది. గోడ చేరేసరికి గానీ తనేం చేశాడో తెలియలేదు. తిరిగి వచ్చేటప్పుడు పళ్లు బిగబట్టి కుంటాడు. ఆ కుంటడం నిజమైనదే, పదిహేనేళ్ల నొప్పి అందులో ఉంది.

"పోయేటప్పుడు బాగానే పోయావు కదయ్యా" అన్నాడు పెద్ద డాక్టరు జాలిగా, కాగితం మీద రాస్తూ.

బయట వరండాలో మోతీలాల్ లేచి నిలబడ్డాడు. "ఏమన్నరు బాపూ?"

"ఫిట్ అన్నరు."

"నువ్వు కుంటలేదా?"

"పోయేటప్పుడు... కుంటలే."

మోతీలాల్ తండ్రి మోకాలి వైపు చూశాడు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఇంట్లో ఆ కాలు ఈడ్చుకుంటూ తిరగడం చూసినవాడే.

"సమజైంది. కొలువు ఇడువ బుద్ధిగాలేదు నీకు" అన్నాడు.

అని బస్టాండు వైపు విసవిసా నడిచాడు. దేవ్‌సింగ్ గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి రోడ్డు మీదికొచ్చేసరికి వాడు కనుచూపు మేరలో లేడు.