అత్త లాక్కున్న ఫోను

రెండో కాన్పు తరవాత, మళ్లీ కడుపు రాకుండా కాపర్-టీ వేయించుకున్న సంగతి మా ఇంట్లో నా భర్తకు తప్ప ఎవరికీ తెలియదు. నాలుగు నెలలకు రక్తస్రావం ఎక్కువైంది. మద్రాసు శివార్లలోని మాధవరం నుంచి ఊరికి అవతల మైలాపూరు ఆసుపత్రిదాకా చంటిబిడ్డతో, అత్తకు ఏం చెప్పి వెళ్లను? అక్కడి లేడీ డాక్టరు మధ్యాహ్నం ఒక గంట ఫోనులో ఆడవాళ్లతో మాట్లాడుతుందని పక్కింటావిడ నంబరు ఇచ్చింది. ఆ మాటా నేను పూర్తిగా నమ్మలేదు.

బస్టాండు దగ్గరి టెలిఫోను బూత్ నుంచి చేశాను. అద్దాల తలుపు వేసుకున్నా, బయట కూర్చున్న యజమాని చేతిలో పేపరు ఒక్క పేజీ కూడా తిరగలేదు. అవతలి గొంతు అరవంలో అడిగింది: "రోజుకెన్ని గుడ్డలు మారుస్తున్నారు? జ్వరముందా?"

మొహమైనా చూడని మనిషికి ఇవన్నీ ఎందుకు? నిజంగా డాక్టరేనా? పేరు అబద్ధం చెప్పాను. ఒళ్లు వెచ్చగా ఉన్నా జ్వరం లేదనీ చెప్పాను. "తగ్గకపోతే మాత్రం రావాలి, వారంలో మళ్లీ ఫోను చేయండి" అంది.

మూడోసారి మాట్లాడుతుండగా తలుపు తెరుచుకుంది. అత్త.

"వారం వారం ఈడికొచ్చి ఎవురితో మాట్లాడతా ఉండావు?"

"డాక్టరమ్మతో అత్తా."

"ఫోన్లో నాడి చూస్తాదా? ఎవురి చెవిలో పువ్వు పెడతావు? ఇట్లా ఇయ్యి!"

రిసీవరు లాక్కుని, ఎవరు నువ్వని అరవంలో గద్దించింది. జవాబు విన్నా మొహం సడలలేదు. నాకు వీపు తిప్పి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పరీక్ష పెడుతున్నట్టు అడిగింది: "ఒకామెకి బరువెత్తితే కింద ఏదో జారినట్టుంటాది. ఏమది, చెప్పు చూస్తాము."

చాలాసేపు వింది. తరవాత గొంతు తగ్గింది. "ఎన్నేండ్లా? నాకు... పన్నెండేండ్లుగా."

ఫోను పెట్టేసి, "రేపు పోతాము. ఆడ నిజంగా డాక్టరుండాదో లేదో చూడాల గదా" అంది.

ఉంది. నాకు కాపర్-టీ పక్కకు జరిగి, లోపల చీము పట్టిందట. తీసేసి మందులిచ్చింది. "జ్వరం లేదని ఎందుకన్నారు?" అని డాక్టరు అడిగితే, అప్పుడు మిమ్మల్ని నమ్మలేదన్నాను. అత్తకు గర్భసంచి జారిందని, ఆపరేషను చేయాలని చెప్పింది. మరుసటి నెలలో చేయించాము.

డాక్టరును చూసిన ఆ రోజు, తిరుగు బస్సులో అత్త నావైపు తిరిగింది.

"అది పెట్టించుకునింది నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పుంటే తీయించుండరా అత్తా?"

"తీయించుండేదాన్నే" అని, బిడ్డను తన ఒళ్లోకి తీసుకుంది.