మా టైపు మాస్టారి మాత్రల పెట్టె

గురువారం పొద్దున్నే బందరు నుంచి ఫోను. "మాస్టారు పోయారే," అంది అక్క. నేనప్పుడు గుడివాడలో, మా పాలిటెక్నిక్ వర్క్‌షాపులో, చేతిలో ఆకురాయితో నిలబడి ఉన్నాను. అలాంటి కబురు వింటే ఎవరైనా అయ్యో అంటారు, ఎలా జరిగిందని అడుగుతారు. నా నోట్లోంచి ఏ మాట వచ్చిందో తెలుసా? "పొద్దున మాత్రలు ఎన్ని వేసుకున్నారు?"

"ఏం ప్రశ్నే అది?" అని పెట్టేసింది.

అక్కంటే నా తోబుట్టువు కాదు, మా టైపు మాస్టారి కూతురు. బందరు కోర్టులో స్టెనో. నేనెందుకలా అడిగానో తనకి తెలుసు. మీకూ చెప్పాలి. మాస్టారు మాత్రలు వేసుకునే పెట్టె నేను చేసింది. రెండు వారాల క్రితం ఆ పెట్టె వల్లే ఆయన ఆసుపత్రి పాలయ్యారు.

ఫోను రాగానే ఎక్కిన బందరు బస్సు పెడనలో ఆగి ఎంతకీ కదల్లేదు. నేను దిగాను, మళ్ళీ ఎక్కాను, డ్రైవరుగారిని రెండుసార్లు కసిరాను. కుదురుగా కూర్చోవడం నాకు పుట్టుకతోనే రాదు. ఆ విషయం మొదట కనిపెట్టింది కూడా మాస్టారే.

టైపు నేర్చుకోవడానికి ఇంటర్ సెలవుల్లో ఆయన దగ్గర చేరాను. టైపు లోయరు పరీక్ష పాసైతే ఎక్కడో ఒక చోట గుమాస్తా ఉద్యోగం దొరక్కపోదని బందరులో ప్రతి ఇంట్లోనూ అనుకునే రోజులవి. ఇన్‌స్టిట్యూట్ అంటే ఆయన ఇంటి వసారా, పన్నెండు మిషన్లు, ఒక గోడగడియారం. మాస్టారు కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చునేవారు. నిద్రపోతున్నారనుకునేవాళ్ళం. "కిటికీ దగ్గర మిషను, చిటికెనవేలి పనికి ఉంగరంవేలు పెట్టావ్," అనేవారు కళ్ళు తెరవకుండానే. చప్పుడుని బట్టే ఆయనకి తెలిసిపోయేది. తప్పు పడిన ప్రతి చోటా ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి, కాగితం అడుగున "మళ్ళీ" అని రాసేవారు. తప్పు ఒక్కటీ లేకపోతే ఏమీ రాసేవారు కాదు. శుభ్రంగా తిరిగొచ్చిన కాగితమే మాకు మెడల్. నాకు ఆ మెడల్ చాలా ఆలస్యంగా వచ్చింది.

"నీ చేతికి తొందరెక్కువమ్మాయ్. వేగం దానంతటదే వస్తుంది, దాన్ని పిలవక్కర్లేదు. నువ్వు ఆగడం నేర్చుకో," అనేవారు. ఆగడం నేర్పే టైపు మాస్టారు ఎక్కడైనా ఉంటారా అని నవ్వుకునేదాన్ని. లోయరు రెండుసార్లు తప్పాను.

ఆయన దగ్గర ఒక రూలుండేది. వాక్యం అయిపోయి ఫుల్‌స్టాప్ పడ్డాక స్పేస్ బార్ రెండుసార్లు కొట్టాలి. ఒకటి కొడితే సున్నా పడినట్టే. "చదివేవాడికి ఊపిరి తీసుకునే చోటివ్వాలి," అనేవారు. వసారా అంతా టక్ టక్, టక్ టక్ అని జంటగా వినపడుతూ ఉండేది. ఆ రూలు మా చేతుల్లోకి ఎంత ఇంకిపోయిందంటే, ఇవాళ్టికీ కంప్యూటరు మీద నేను రెండేసే కొడతాను. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు, అదే నా బాధ.

తర్వాత కంప్యూటర్లొచ్చాయి. మిషన్లు ఒక్కొక్కటే పాత ఇనుముకి పోయాయి, ఒక్కటి మాత్రం ఆయన గదిలో మిగిలింది. ఆ తర్వాత వేళ్ళూ పోయాయి. కీళ్ళవాతం. వేళ్ళన్నీ లోపలికి వంగి బిగుసుకుపోయాయి. షుగరుకొకటి, బీపీకొకటి, కీళ్ళకొకటి, ఇలా పూట పూటకీ మాత్రలే. అక్క కోర్టుకి వెళ్ళిపోయాక మధ్యాహ్నం మాత్రలు ఆయనే వేసుకోవాలి.

ఒక ఆదివారం చూడ్డానికి వెళ్ళాను. మాస్టారు మాత్రల షీటుని తలుపు సందులో పెట్టి తలుపు నెమ్మదిగా మూస్తున్నారు. మాత్ర రెండు ముక్కలై ఒకటి మంచం కిందికి దొర్లిపోయింది. "వేళ్ళతో రావట్లేదని తలుపుకి నేర్పుతున్నానమ్మాయ్. బానే నేర్చుకుంటోంది," అన్నారు నవ్వుతూ. నాకు ఏడుపొచ్చింది. బందరు ఆఫీసుల్లో సగంమందికి వేళ్ళిచ్చిన మనిషాయన.

"పక్కింటావిణ్ణి పిలవచ్చుగా మాస్టారూ," అన్నాను.

"ఇవాళ మాత్రకి పిలిస్తే రేపు మంచినీళ్ళకీ పిలుస్తాను. ఈ ఒక్క పనీ నన్ను చేసుకోనివ్వండర్రా," అన్నారు. ఆ మాటలో మాత్రం నవ్వు లేదు.

వారం తిరక్కుండా పెట్టె పట్టుకెళ్ళాను. వారానికి ఇరవై ఒక్క పూటలు, ఇరవై ఒక్క గదులు, గదికో మూత, మూతకి చక్కటి బొడిపె. మహా గొప్పగా ఆయన ముందు పెట్టాను. మాస్టారు దాన్ని అటూ ఇటూ చూసి, పాత పంచె చింపి పేలికలు తెమ్మని అక్కతో చెప్పారు. నా వేళ్ళన్నీ మడిచి కట్టించారు. "ఇప్పుడు తియ్యి," అన్నారు. మూత రాలేదు. పళ్ళతో పట్టబోయాను.

"నాకు పళ్ళు కూడా లేవమ్మాయ్," అన్నారు.

అక్క పడీ పడీ నవ్వింది. "దీన్ని నువ్వు నీ వేళ్ళకి చేసుకున్నావు," అన్నారు మాస్టారు. ఇరవై ఏళ్ళుగా పిల్లలకి డిజైను పాఠం చెబుతున్నాను, నాకీ మాట ఎవరూ చెప్పలేదు. కట్లు విప్పమంటే వెంటనే విప్పనివ్వలేదు కూడా. ఆ చేతుల్తోనే కాఫీ తాగించారు. సగం చీర మీద పోసుకున్నాను.

ఆ తర్వాత ఇంట్లో నేనే వేళ్ళు కట్టుకుని ఆలోచించడం మొదలుపెట్టాను. గిల్లడం, పట్టుకోవడం, తిప్పడం ఏదీ ఉండకూడదు. మరి ఏం మిగులుతుంది? దానికీ మాస్టారే దారి చూపించారు. గదిలో ఉన్న పాత మిషను స్పేస్ బార్‌ని అరచేతి అంచుతో టక్కుమని కొట్టి, "ఇది మాత్రం ఇంకా నా మాట వింటోంది," అన్నారు.

అలా పుట్టింది రెండో పెట్టె. దాని ముందు స్పేస్ బార్ లాంటి పొడుగాటి బద్ద. అరచేత్తో గానీ మోచేత్తో గానీ ఒకసారి నొక్కితే లోపల పళ్ళచక్రం ఒక్క పన్ను జరుగుతుంది, ఒక పూట మాత్రలు కింది గిన్నెలో పడతాయి. గిన్నె వెడల్పుగా ఉంటుంది, రెండు ముంజేతులతో ఎత్తి నోట్లో వంపుకోవడమే. ఆ పళ్ళచక్రం చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలకి అచ్చులు చెక్కే ఆయన చేసిచ్చారు. కరెంటు అక్కర్లేదు. ఆదివారం అక్క నింపితే వారమంతా మాస్టారి ఇష్టం.

మొదటిసారి నొక్కి, మాత్రలు పడ్డాక, ఆయన చాలాసేపు గిన్నె వంకే చూస్తూ ఉండిపోయారు. "నాగాయలంకలో నా స్టూడెంటొకడున్నాడు. చేపలు కోసి కోసి వాళ్ళమ్మ వేళ్ళు కొంకర్లు పోయాయి. తర్వాతది ఆవిడకి," అన్నారు. తన సంతోషం చెప్పడానికి ఆయనకి వేరే మాట దొరకలేదనుకుంటాను.

మూడు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. నేను కాలేజీలో కనపడ్డ వాళ్ళందరికీ చెప్పుకుని తిరిగాను. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం మాస్టారు ఒళ్ళంతా చెమటలు పట్టి కుర్చీలో వాలిపోయారు. షుగరు పడిపోయింది. అదృష్టం, పక్కింటావిడ చూసి పంచదార నీళ్ళు పట్టి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నేను వెళ్ళి పెట్టె విప్పి చూస్తే ఒక పూట మాత్రలు ఎక్కువ ఖాళీ అయ్యాయి. చక్రం జారిందేమోనని ఆసుపత్రి బెంచీ మీదే కూర్చుని అదే పనిగా నొక్కి చూశాను. జారలేదు. మళ్ళీ నొక్కాను. ఒక నర్సు వచ్చి ఆ చప్పుడేంటండీ అని కోప్పడింది.

మాస్టారు మంచం మీంచి పిలిచారు. మొదటిసారి ఆయన మొహం చిన్నబోయి ఉండడం చూశాను. "చక్రం కాదమ్మాయ్. భోజనం అయిపోయింది. అయిపోయిందిగా, రెండు కొట్టాను," అన్నారు.

నాకు ఒక్క నిమిషం అర్థం కాలేదు. అర్థమయ్యాక బెంచీ మీద కూర్చుండిపోయాను. పని పూర్తయింది, ఏ పరధ్యానంలోనో చెయ్యి బద్ద మీద పడింది, టక్ టక్. గిన్నెలో ఎన్ని మాత్రలు పడ్డాయో చూసుకోలేదు. జీవితమంతా ఫుల్‌స్టాప్ తర్వాత రెండు కొట్టిన మనిషికి నేను స్పేస్ బార్ చేసి ఇచ్చాను. ఇంకెవరికైనా ఈ సంగతి తట్టకపోవచ్చు. నాకు తట్టాలి కదా! నేనూ ఆ వసారాలోనే నేర్చుకున్నాను.

దిద్దుబాటు కూడా ఆయనే చెప్పారు. "లైను చివర మార్జిన్ దగ్గర ఏమవుతుంది?" అని పరీక్షలో అడిగినట్టు అడిగారు.

"గంట మోగుతుంది. తర్వాత కీలు పడవు."

"మరి?"

అంతే. ఒకసారి నొక్కగానే గంట మోగాలి, బద్ద బిగుసుకోవాలి, గిన్నె తీసి మళ్ళీ పెట్టేదాకా కదలకూడదు. "ఆదివారానికి తెస్తాను మాస్టారూ," అన్నాను. "తొందరపడకు," అన్నారు.

ఆ మూడో పెట్టె ఇప్పుడు నాగాయలంకలో ఉంది. మొన్ననే ఇచ్చొచ్చాను. ఆ పెద్దావిడ నొక్కగానే గంట మోగితే "ఇదేంటమ్మా, సైకిలు బెల్లా!" అని నవ్వి, సరదాకి ఇంకోసారి నొక్కింది. బద్ద కదల్లేదు. కానీ అది తర్వాతి మాట. ఆ ఆదివారానికి పెట్టె కాలేదు. బద్దని ఆపే చిన్న కొక్కెం పదిసార్లు నొక్కితే ఒకసారి పట్టు తప్పేది. పైగా పరీక్షల డ్యూటీ వచ్చిపడింది. రెండో ఆదివారం కూడా పోయింది. అక్క పాత పెట్టెని అటకెక్కించి, మధ్యాహ్నం కోర్టు నుంచి ఆటోలో వచ్చి మాత్రలిచ్చి వెళ్తోందని విన్నాను. గురువారం పొద్దున నేను ఆ కొక్కేన్నే అరగదీస్తున్నాను, ఫోనొచ్చింది.

బందరు చేరేసరికి వసారా నిండా ఆయన స్టూడెంట్లే. నెరిసిన తలలు. మాస్టారిని చాప మీద పడుకోబెట్టారు. పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారట, డాక్టరు గుండె ఆగిందన్నాడట. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నేను ముందు ఆయన మొహం చూడలేదు, బల్ల చూశాను. అటక మీద ఉండాల్సిన పెట్టె బల్ల మీద ఉంది.

అంతమందిలో పెట్టె విప్పి మాత్రలు లెక్కపెట్టడం ఎలా? దహనం అయ్యాక గుడివాడ వచ్చేశాను. అన్నం సయించలేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికెళ్ళాలో తెలిసేది కాదు. డాక్టరు చెప్పింది నాకు చాల్లేదు, పెట్టె చెప్పాలి. మూడో రోజు మొదటి బస్సెక్కాను.

అక్క తలుపు తీసి, ఏమీ అడక్కుండా లోపలికెళ్ళి పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. "లెక్కపెట్టుకో. లేకపోతే నువ్వు బతకవు," అంది.

సోమవారం పొద్దున మొదలుపెట్టిన పెట్టె. బుధవారం దాకా తొమ్మిది పూటలు, గురువారం పొద్దున ఒకటి. పది గదులు ఖాళీగా ఉండాలి, పదకొండు నిండుగా ఉండాలి. మూడుసార్లు లెక్కపెట్టాను. పదకొండే ఉన్నాయి.

"నువ్వు దగ్గరుండి నొక్కించావా?" అన్నాను.

"నేనెక్కడున్నానే? ఆయనే నొక్కుకున్నారు, రోజూ," అంది. "ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాటి నుంచీ పొద్దున్నే మిషను ముందు కూర్చునేవారు. ఉబుసుపోక కొడుతున్నారనుకున్నా. మొన్న ఆదివారం పెట్టె దింపమన్నారు. దింపనంటే, 'నేను పాసయ్యానే, దింపు,' అన్నారు. ఏం పరీక్ష నాన్నా అంటే చెప్పలేదు. నీతో అనొద్దన్నారు. అంటే నువ్వు తొందరపడి మూడోది పాడుచేస్తావట."

ఆయన గదిలోకి వెళ్ళాను. మిషను మీద గుడ్డ కప్పి ఉంది, పక్కన కాగితాల దొంతర. పైది తీసి చూశాను. పేజీ నిండా ఫుల్‌స్టాప్ చుక్కలు. చుక్క, ఖాళీ. చుక్క, ఖాళీ. ఇంకేమీ లేదు. వేలి కణుపుతో కొట్టినట్టున్నారు, కొన్ని చుక్కలు కాగితాన్ని పొడిచేశాయి. ఖాళీ రెండైన ప్రతి చోటా ఎర్ర పెన్సిలు సున్నా, పిడికిట్లో పెన్సిలు పట్టుకుని గీసినట్టు వంకరటింకరగా. అడుగున అంతకంటే వంకరగా "మళ్ళీ". తర్వాతి కాగితంలో సున్నాలు కొంచెం తగ్గాయి. అడుగున మళ్ళీ "మళ్ళీ".

మా అందరికీ రెండు కొట్టడం నేర్పిన మాస్టారు, ఆ వయసులో, ఆ వేళ్ళతో, ఒకటి కొట్టడం నేర్చుకున్నారు. నా పెట్టెతో తన మాత్ర తను వేసుకోవడానికి. నేను చేసిన తప్పుని ఆయన తన తప్పుగా దిద్దుకున్నారు. అప్పుడు ఏడ్చాను, మూడు రోజుల ఏడుపూ అక్కడే ఏడ్చాను.

గుడ్డ తీశాను. మిషనులో ఇంకో కాగితం ఉంది, ఆ గురువారం పొద్దుటిది. ఒక్కో లైనూ వేలుపెట్టి వెతికాను. సున్నా చుట్టడానికి ఒక్క తప్పూ లేదు. అడుగున ఏమీ రాసి లేదు. లైను సగంలో ఆగింది, చివరి చుక్క తర్వాత ఒక్క ఖాళీ జరిగి.

నాది తొందర చెయ్యి కదా, నాకు తెలియకుండానే స్పేస్ బార్ మీదకి వెళ్ళింది. రెండోది కొట్టేదే. బార్ మీద ఆనించి, ఆగాను. చాలాసేపు అలాగే ఆగి ఉన్నాను.