సమాధుల తోట తాళంచెవి

ఈస్టరు నాడు రెండు మాటలు చెప్పమని సంఘంలో ఇప్పటికీ అడుగుతారు. గొంతు బాగాలేదని తప్పించుకుంటాను.

నంద్యాల బజారులో అంగళ్ల మధ్య పెరిగినవాణ్ణి. వీసె చింతపండుకు గంటసేపు బేరమాడి గెలిచి, ఇంటికొచ్చి విప్పితే సగం గింజలే ఉండేవి. అయినా బేరంలో నన్ను మించినవాడు లేడని చెప్పుకుని తిరిగాను. ఆళ్లగడ్డకు వచ్చి అంగడి పెట్టాక అక్కడి సంఘం వాళ్లూ నమ్మారు.

యాభై ఆరులోనో ఏడులోనో, శుభ శుక్రవారం సాయంత్రం, మా గుడి గంట కొట్టే ముసలాయన చనిపోయాడు. సమాధుల తోట గేటు తాళం కూడా ఆయన దగ్గరే ఉండేది. తోలు పని చేసే పేటవాడు. గుడిలో అందరం ఒకే గిన్నెలో ద్రాక్షరసం తాగేవాళ్లం. సమాధి చేసేటప్పుడు మాత్రం పేటలు గుర్తొచ్చేవి. ఆ పేట వాళ్లకు చోటు గోడ బయటే. ఆయన భార్య నా దగ్గరికొచ్చి, లోపల ఇంత చోటు అడిగిపెట్టమంది.

అంగట్లో నేర్చిన విద్యే వాడాను. లోపల ఏ మూలైనా చాలనుకుంటూనే, నడి వరసలో మిషను దొరసాని సమాధి పక్కన కావాలని మొదలుపెట్టాను. సంఘం పెద్దలు మండిపడ్డారు. నేను దిగాను, వాళ్లూ దిగారు. చివరికి లోపలే, వెనక గోడవారగా చోటిస్తామన్నారు. శవపెట్టె మాత్రం గేటులోంచి రాకూడదు, గోడ కూలిన సందులోంచి తేవాలి.

"ఇంతకన్నా యాడ దొరుకుతుందప్పా?" అన్నాడొక పెద్దాయన, నా భుజం తట్టి.

సరేనన్నాను. శనివారం మధ్యాహ్నం అలాగే సమాధి చేశాం. గెలిచానని కడుపునిండా తిని పడుకున్నాను.

ఈస్టరు నాడు చీకటితోనే కొవ్వొత్తులు పట్టుకుని అందరం తోట గేటు దగ్గర చేరాం. తాళం వేసే ఉంది. ఏటా తీసే మనిషి లేడని అప్పుడు గాని మాకు తట్టలేదు. అంతలో ముసలాయన భార్య వచ్చింది. తాళంచెవి నా చేతిలో పెట్టి, గోడ వెంబడి వెనక్కి నడిచిపోయింది.

గేటు తీసి నేనూ ఆమె వెనకే పోయాను. సందు లేదు. మేకలు దూరతాయని పెద్దలు ముందురోజు సాయంత్రమే రాళ్లు పేర్పించారు.

గేటు నుంచి రమ్మన్నాను.

"ఇన్నేండ్లు అందరికీ తీసినాడు ఆ గేటు. ఆయన పోని దోవన నేనెట్ల పోతానప్పా?"

గొంతులో కోపం కూడా లేదు. కొవ్వొత్తిని బయటివైపు రాళ్ల మీద నిలబెట్టింది. ఆయన సమాధి గోడకు అవతల మూరెడు దూరమే. వెలుగు అక్కడికి పోలేదు.

లోపల అయ్యగారు బైబిల్లోంచి యేసు సమాధి రాయి దొర్లిపోయిన సంగతి చదవడం మొదలుపెట్టారు. ఇక్కడి రాళ్లు పది పన్నెండుంటాయేమో, మధ్యలో మట్టి కూడా మెత్తలేదు. నేనొక్కణ్ణే తీసేయగలను. చెయ్యి పెట్టాను కూడా. లోపలి నుంచి ఎవరో నన్ను పిలిచారు.

బేరం అయ్యాక మాట తప్పకూడదని నాకు నేనే చెప్పుకుని, తాళంచెవి జేబులో వేసుకుని, గేటు వైపు నడిచాను.