సూపర్‌ఛార్జ్‌డ్ బండికి రెండు డబ్బాల ఆయిల్

అమలాపురం నడిబొడ్డున, పట్టపగలు, సూర్యుణ్ని మాయం చేసిన మనిషిని మీరెప్పుడైనా చూసేరా? చూడకపోతే ఇప్పుడు చూడండి. నేనేనండి. పేరు వీరవేణి, ఉండేది ముమ్మిడివరం దగ్గర. ఈ కథ విని మా చుట్టాలందరూ పొట్టలు పట్టుకుని నవ్వేరు. మీరూ నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నవ్వడం అయ్యేక "ఆడవాళ్లకి ఇంజన్ల గొడవ ఎందుకమ్మా" అని మాత్రం అనకండి. అన్నవాళ్లని నేను ఊరికే వదిలిపెట్టను.

నేను కొన్నేళ్లు కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేసి వచ్చినదాన్ని. ఆ ఇంటి చిన్నబాబుకి ఒక పికప్ ట్రక్కు ఉండేది. పికప్ అంటే మన కొబ్బరికాయలు వేసుకెళ్లే లాంటిది కాదండి. బోనెట్టే మా ఇంటి వరండా అంత ఉండేది. స్టార్ట్ చేస్తే వంటింట్లో గిన్నెలన్నీ గలగలలాడేవి. దానికి సూపర్‌ఛార్జర్ ఉందని అతగాడు తెగ మురిసిపోయేవాడు. సూపర్‌ఛార్జర్ అంటే ఇంజనులోకి గాలిని బలవంతంగా కుక్కే యంత్రం. మా అత్తగారు మనవడి నోట్లో పెరుగన్నం కుక్కినట్టన్నమాట. ఎంత గాలి కుక్కితే అంత బలం, అంత వేడి. అందుకని దానికి అల్లాటప్పా ఆయిల్ పనికిరాదని, నీళ్లంత పలచగా ఉండే మేలురకం ఆయిల్ తెచ్చి రెండు పెద్ద డబ్బాలు పోసేవాడు. నేను టీ కప్పులు పట్టుకుని పక్కనే నిలబడి చూసేదాన్ని. అలా చూసి చూసి, ఆ విద్యలో నాకు పట్టా వచ్చేసిందని నాకు నేనే అనేసుకున్నాను.

ఊరికి తిరిగొచ్చేక మా ఆయన ఏడుకొండలూ నేనూ కలిసి ఒక పాత పికప్ కొన్నాం. అంతకుముందు ఆయన చేపల పడవ నడిపేవారు. రాజోలు కుర్రాడెవరో కొన్నాళ్లు వాడి అమ్మేసిన బండి అది. చిన్న డీజిల్ బండి. దాని వెనక తలుపు మీద ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలతో 'సూపర్‌ఛార్జ్‌డ్' అని ఇంత పొడుగున రాసుంది. అది చదవగానే నా గుండె పొంగిపోయింది.

"ఏవండీ, మనది సూపర్‌ఛార్జర్ బండండీ!"

"అయితే ఏంటంట?"

"ఏంటంటారేంటండీ? దీనికి ఆయిల్ వేరే ఉంటుంది."

"ఇంజనన్నాక ఇంజనే. మా పడవకి పోసే ఆయిలే దీనికీ పోద్దాం. ఎంత చిక్కగా ఉంటదనుకున్నావు! బెల్లం పాకమే."

"పాకం పోస్తే అరిసెలొస్తాయి గానీ బండి నడవదండి."

నేనే గెలిచేను. ఆయిల్ కొట్టుకి నేనే వెళ్లేను. కొట్టాయన "ఏ బండికండీ?" అని అడిగితే, గొంతు కాస్త పెంచి, కొట్లో ఉన్న మిగతా మగాళ్లందరికీ వినబడేలాగ "సూపర్‌ఛార్జర్ పికప్‌కండీ" అన్నాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. లోపలికెళ్లి, ఎప్పుడో ఎవరో తెప్పించమని చెప్పి పట్టుకెళ్లని డబ్బాలు దుమ్ము దులిపి తెచ్చేడు.

"ఇది మన వైపు ఎవరూ అడగరండి. ఎన్నివ్వమంటారు?"

"రెండు."

"రెండేనాండీ? పెద్ద డబ్బాలండి ఇవి. ఒకటి సరిపోద్దేమో..."

"నేను కువైట్‌లో చూసొచ్చేనండి."

"ఆయ్," అని రెండు డబ్బాలూ నా ముందు పెట్టేడు పాపం. కువైట్ అన్న మాట మా వైపు అలా పనిచేస్తుంది. 

ఇంటికొచ్చేక మా ఆయన బండి కిందకి దూరి పాత ఆయిల్ వదిలేరు. పైన పోసే పని నాది. మొదటి డబ్బా అయ్యేసరికి ఆయన ఆయిల్ కొలిచే కడ్డీ తీసి చూసి, "చాలే వేణీ, పై గీత దాకా వచ్చేసింది" అన్నారు.

"అది మామూలు బండ్లకి పెట్టిన గీతండి."

"ఎక్కువైతే ఏమవుద్దో ఏంటో!"

"ఎక్కువైతే ఏమవుతుంది? ఆవకాయకి నూనె పైకి తేలితేనే కదా ఏడాది నిలవుండేది? ఇంజనూ అంతే."

ఆ మాట అన్నప్పుడు నా మొహంలో ఉన్న తేజస్సు మీరు చూడాల్సిందండి. రెండో డబ్బా కూడా చివరి బొట్టు దాకా దులిపి పోసేను.

మర్నాడు పొద్దున్నే మా మొదటి కిరాయి. రొయ్యల చెరువుల రాజుగారు రొయ్యలు పట్టించి, ఐసు వేసిన ట్రేలు మా బండికి ఎక్కించేరు. అమలాపురం అవతల కంపెనీ షెడ్డుకి చేర్చాలి. ఆయన ఒకటే మాట చెప్పేరు. "ఇది వేళకి చేరితే నా చెరువులన్నిటి సరుకూ మీదే. ఐసు కరిగి రొయ్య మెత్తబడిందా, మళ్లీ నా చెరువు గట్టెక్కొద్దు." చెప్పి మోటారు సైకిలు మీద మా వెనకాలే బయల్దేరేరు. 

దారంతా బండి గాల్లో తేలినట్టు పోయింది. "చూసేరా?" అన్నాను. "చూసేను," అన్నారు మా ఆయన గర్వంగా. అమలాపురంలో అడుగుపెట్టేం. అక్కడ అద్దంలోకి చూస్తే వెనక ఊరు లేదండి! తెల్లగా, దూదిపింజల కొట్టు తగలడినట్టు పొగ. పైగా మా ఆయన ఏక్సిలేటరు మీంచి కాలు తీసేసినా ఇంజను వేగం తగ్గదే! దూడని కట్టేసిన ఆవులాగ అరుస్తోంది. బ్రేకు మీద నిలబడి బండిని రోడ్డు పక్కకి ఆపి, గేరు తీసేసి, తాళం తిప్పి, చేతిలోకి లాగేసేరు. తాళం ఆయన చేతిలో ఉంది. ఇంజను మాత్రం ఇంకా గట్టిగా అరుస్తోంది.

"దూకెయ్యవే!" అని కేకేసి ఆయన దూకేసేరు.

"రొయ్యలో?"

మనిషే కనబడలేదు. పొగలోంచి రకరకాల గొంతులు మాత్రం వినబడుతున్నాయి. ఎవరో "గ్యాసు లీకయ్యింది, పొయ్యిలు ఆర్పండి!" అని పరిగెడుతున్నారు. మేడ మీద కిటికీలోంచి ఒక పెద్దావిడ, "ఏమ్మా, దోమల మందా? మా పెరటివైపు కూడా కొట్టించండమ్మా, మురుగంతా అక్కడే ఉంది!" అంది. పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ పెద్దవాళ్లు ఏమడిగినా సరేననడం అలవాటే కదా, "ఆయ్, అలాగేనండి!" అనేసేను.

ఇంతలో ఒక ఆటో డ్రైవరు పొగలోంచి అరిచేడు. "అమ్మా! క్లచ్ తొక్కి టాప్ గేరు వెయ్యండి! బ్రేకు గట్టిగా తొక్కి క్లచ్ వదిలేయండి!"

బండి నడపడం నాకు అప్పటికి సగమే వచ్చు. మిగతా సగం భయంతో వచ్చేసింది. డ్రైవరు సీట్లోకి జరిగి, చీర కుచ్చిళ్లు మోకాళ్ల సందున నొక్కిపెట్టి, అతను చెప్పినట్టే చేసేను. బండి ఒక్క గెంతు గెంతి, వణికి, చచ్చినట్టు ఆగిపోయింది. అమలాపురం ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుని దగ్గింది.

పొగ విడేసరికి రాజుగారు ఎదురుగా ఉన్నారు. కళ్లనిండా నీళ్లు. ఏడుపో పొగో చెప్పలేను. ఆయన నోరు తెరిచేలోపే నేను తలుపు తీసి కిందకి దిగి, "నిలబడి చూస్తారేంటండీ, ఐసు కరిగిపోతోంది, ట్రేలు దింపండి!" అని అరిచేను. ఆ ఆటో అతను ఇంకో నాలుగైదు ఆటోల్ని పిలిచేడు. ట్రేలన్నీ ఎక్కించేం. నేను మొదటి ఆటోలో ట్రేల మధ్య ఇరుక్కుని కూచుని షెడ్డు దాకా వెళ్లేను. రొయ్య ఒక్కటి మెత్తబడలేదు.

షెడ్డు నించి నేను తిరిగొచ్చేక, మెకానిక్కుగారు బండి విప్పుతుంటే అందరం చుట్టూ చేరేం.

"ఎంత పోసేరమ్మా?"

"రెండు డబ్బాలండి."

"ఒకటి చాలు దీనికి! నిండిపోయిన ఆయిల్ గాలి గొట్టంలోంచి లోపలికి పోయింది. ఇంక డీజిలు ఆపేసినా ఆయిలే తాగి తిరిగింది. అయినా ఈ రకం ఎందుకు పోసేరు?"

"సూపర్‌ఛార్జర్ బండి కదండీ."

"ఎవరు చెప్పేరు?"

"వెనకాల రాసుంది కదండీ."

ఆయన పానా కింద పెట్టి బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చేడు. "పక్కన 'గోదారి సింహం' అని కూడా రాసుందమ్మా. మరి పొద్దున్నే మాంసం పెట్టేరా?"

అందరూ పడీ పడీ నవ్వేరు. మా ఆయన అందరికన్నా గట్టిగా నవ్వి, "నేను ముందే చెప్పేను, పడవ ఆయిల్ పొయ్యమని" అన్నారు.

"అది పోసుంటే ఇంజను ఎప్పుడో బిగుసుకుపోయి పట్టేసేదండి," అన్నాడు మెకానిక్కు.

ఆ క్షణంలో నేను మా ఆయన వైపు చూసిన చూపుకి డీజిలు లేకుండానే ఇంకో ఇంజను తిరిగేదండి.

సాయంత్రం రాజుగారు ఇంటికొచ్చేరు. పని పోయిందనే అనుకున్నా, తల దించుకోకుండా ఎదురెళ్లేను. తప్పంటే తప్పేగానీ, తల దించడం మన వల్ల కాదు. ఆయన మా ఆయన్ని దాటుకుని నా దగ్గరికొచ్చి, "సరుకు నీకే ఇస్తానమ్మా. మొగుడు దూకేసినా రొయ్యల దగ్గర నువ్వున్నావు. ఇకమీదట ఫోను నీకే చేస్తాను" అన్నారు. మా ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

కాబట్టి, చదివేవాళ్లందరి సాక్షిగా, తడిచీర కట్టుకుని తూర్పుకి తిరిగి ప్రమాణం చేస్తున్నాను. ఏ బండికైనా సరే, బోనెట్టు ఎత్తి ఇంజను చూడకుండా, కడ్డీ మీద గీత చూడకుండా ఈ జన్మలో ఆయిల్ పొయ్యను. కానీ పోసేది మాత్రం నేనే. కాదనేవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి రండి. మా బండి వెనకాల, పొగ గొట్టానికి దగ్గరగా నిలబడి, ఆ మాట ఇంకోసారి అనండి.