స్పాంజి పరుపుతో మూడు వారాలు

నర్సింగు ట్రైనింగుకు నన్ను తీసుకుంటున్నట్టు ఉత్తరం వచ్చిన రోజున మా ఇంట్లో ఎవరి కాళ్లూ నేల మీద ఆనలేదు. డెబ్బైల మధ్య నాటి మాట ఇది. అప్పట్లో మేం బెజవాడ కొత్తపేటలో, కొండవాలున ఉన్న రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. నాన్న కాలవల ఆఫీసులో గుమాస్తా. అమ్మ మిషన్ బడిలో చిన్న తరగతులకు టీచరు. నేను వాళ్లకు ఒక్కతే కూతుర్ని, నాకు పదిహేడేళ్లు. తెల్ల గౌను, తెల్ల టోపీ వేసుకుని వార్డులో టకటకా నడవాలని పదేళ్ల వయసు నుంచీ నాకు ఒకటే పిచ్చి. ఇంకేదీ చదవనని మొండికేసి కూర్చున్న దాన్ని. ఆ ఉత్తరాన్ని మడతలు చిరిగేదాకా చదివాను.

ఉత్తరం అడుగున రెండు సంగతులున్నాయి. మూడు వారాల తర్వాత సోమవారం నాడు, కృష్ణకు అవతలి ఊళ్లో ఉన్న ఆ ట్రైనింగు ఆస్పత్రికి వెళ్లి మెడికల్ పరీక్ష చేయించుకోవాలి. గుండె, ఊపిరి, చర్మం, కళ్లు అన్నీ చూస్తారు. అందులో నెగ్గితేనే సీటు. రెండోది, హాస్టలుకు తెచ్చుకోవాల్సిన సామాను. ఇనప్పెట్టె, బకెట్టు, దోమతెర, రెండు దుప్పట్లు, ఒక పరుపు.

పరుపు అన్న మాట దగ్గర మా నాన్న ఆగిపోయాడు.

"అందరూ దూది పరుపులు చుట్టుకుని వస్తారు. మన అమ్మాయి స్పాంజి పరుపు తీసుకెళ్తుంది" అన్నాడు.

"ఏవండీ, అది చదువుకోడానికి వెళ్తోందా, కాపురానికి వెళ్తోందా?" అంది అమ్మ.

నాన్న ఆ మాట చెవిన వేసుకోలేదు. ఆయన ఒక మాట అన్నాడంటే ఇక దేవుడు దిగొచ్చినా మార్చుకోడు. ఆ శనివారం ఆఫీసు నుంచి తిన్నగా ఏలూరు రోడ్డుకు పోయి, సాయంత్రానికి రిక్షాలో పరుపు వేసుకొచ్చాడు. మా వీధి ఎత్తు రిక్షా ఎక్కలేకపోయింది. నాన్న దాన్ని నెత్తిన పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా తడిసి ముద్దవుతుంటే, వీధంతా చూసేలా నింపాదిగా నడిచొచ్చాడు. నేను ఎదురు పరిగెత్తాను. అంత సంతోషం నాకు పరీక్ష పాసైనప్పుడు కూడా కలగలేదు.

పురికొస తెంచగానే పరుపు దానంతటదే విప్పుకుంది. పసుపు పచ్చని గుడ్డ మీద ఎర్రపూలు. పిడికిలితో నొక్కితే లోపలికి పోయి మళ్లీ పైకి లేచేది. దాంతోపాటు గుప్పున ఒక వాసన. పెట్రోలు, గోళ్ల రంగు, కొత్త రబ్బరు చెప్పులు, అన్నీ కలిపినట్టుంది.

"చూశావా, ఆ వాసనే ఒరిజినల్. ఆ వాసన ఉన్నన్నాళ్లూ సరుకు కొత్తదేనని కొట్టాయన చెప్పాడు" అన్నాడు నాన్న.

అలా అని ఊరుకున్నాడా? గాలి తగిలితే వాసన పోతుందని పరుపు వేసిన గది కిటికీలు మూయించాడు. అమ్మేం తక్కువ తినలేదు, తలుపు కింది సందులో పాత లంగా గుడ్డ కుక్కింది. ఇలాంటి బుద్ధి మా ఇంట్లోనే పుట్టిందనుకోకండి. కొత్త కుర్చీకి ప్లాస్టిక్ కాగితం విప్పకుండా దాని మీదే ఏళ్ల తరబడి కూర్చునేవాళ్లు మా వీధిలోనే నలుగురుండేవాళ్లు. మేం ఇంకో మెట్టు ఎక్కి, వాసనను దాచుకున్నాం.

మర్నాడు ఆదివారం. మా సంఘంలో ఎవరింట్లో మంచి జరిగినా కృతజ్ఞత కూడిక పెట్టుకోవడం ఆనవాయితీ. ఆరాధన అయ్యాక పాస్టరు గారు, పది పన్నెండు మంది పెద్దలు మా ఇంటికొచ్చారు. పాటలయ్యాయి, వాక్యమయింది, టీలయ్యాయి. అప్పుడు నాన్న తలుపు తెరిచి ఒక్కొక్కరినీ లోపలికి పంపించాడు. వచ్చినవాళ్లంతా పరుపును నొక్కారు, కూర్చున్నారు, లేచారు, మళ్లీ కూర్చున్నారు. పక్కింటి మామ్మ గారు రెండు చేతులూ ఆనించి, "ఇది పరుపా, మీగడా?" అన్నారు. పాస్టరు గారు బిడ్డ చదువు కోసం ప్రార్థన చేస్తూ, చివర్లో పరుపును కూడా కలిపారు. నాకు నవ్వాగలేదు. అమ్మ తొడ మీద గిల్లింది.

"హాస్టలుకు వెళ్లాక కొత్తగా ఉండకూడదు, ఇప్పట్నుంచే అలవాటు చేసుకో" అని నాన్న నన్ను ఆ రోజు నుంచీ దాని మీదే పడుకోమన్నాడు. చెప్పాలా? మహారాణిలా పడుకున్నాను.

నాలుగు రోజులకు కళ్లు ఎర్రబడ్డాయి. ఆ ఉత్తరం చదివి చదివి అలా అయ్యాయంది అమ్మ. తర్వాత గొంతులో గరగర, మెడ చుట్టూ దద్దుర్లు. పచ్చిమామిడి తిన్నాననుకున్నారు. తినలేదు మొర్రో అంటే వినేదెవరు? రెండో వారానికి ఊపిరి పీలిస్తే ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. అప్పుడు అమ్మ మొహంలో రంగు మారింది.

"ఎవరి దగ్గరా అనకే. ఉబ్బసం అని రాశారంటే సీటు పోతుంది" అంది.

ఆ మాటతో నా పై ప్రాణాలు పైనే పోయాయి. చిన్నప్పట్నుంచీ జలుబు కూడా సరిగ్గా ఎరగని దాన్ని. ఉన్న ఒక్క ఆశా చేతికొచ్చాక ఈ రోగమేమిటని కుళ్లి కుళ్లి ఏడ్చాను. అమ్మ మిరియాల పాలు పట్టింది, ఛాతీకి నీలగిరి తైలం రాసింది. మామ్మ గారు దిష్టి అన్నారు. అన్నింటికంటే పెద్ద వైద్యం ఏమిటంటే, "వంట్లో బాగోలేనిదానివి, కాసేపు మెత్తగా పడుకో" అని పగలు కూడా నన్ను ఆ పరుపు మీదే పడుకోబెట్టి, గాలి సోకకుండా తలుపులు వేయడం. ఎంత ఎక్కువైతే అంత మెత్తగా పడుకోబెట్టారు. ఎంత మెత్తగా పడుకుంటే అంత ఎక్కువైంది. ముగ్గురం చదువుకున్నవాళ్లమే మరి.

నా దగ్గు వీధిలో వినపడకూడదని అమ్మ నన్ను కంకిపాడులో ఉన్న పిన్ని ఇంటికి పంపించింది. పిన్ని వసారాలో నులక మంచం వేసింది. ఎదురుగా పంట కాలవ, అటు నుంచి చల్లగాలి. రెండు రోజులు తిరిగేసరికి పిల్లికూతలు లేవు, దద్దుర్లు లేవు. బొమ్మిడాయి చేపల పులుసుతో మూడోసారి అన్నం పెట్టించుకుంటుంటే పిన్ని నన్ను ఎగాదిగా చూసింది.

"నీకు రోగమని మీ అమ్మ రాసిందే? రోగం నీకా, నా కుండకా?" అంది.

నయమైపోయిందని ఎగురుకుంటూ బస్సెక్కి ఇంటికొచ్చాను. ఆ రాత్రి పరుపు మీద పడుకున్నాను. తెల్లారేసరికి మళ్లీ పిల్లికూతలు. లేచి కూర్చుని పరుపు వంక చూశాను. అప్పుడు వెలిగింది నా బుర్రలో దీపం. ఆ ఆయాసంలోనే లేచి గంతేశాను. నాకు రోగం లేదు. ఉన్నదంతా ఆ ఎర్రపూల కింద ఉంది.

నాన్న అప్పుడే గడ్డం గీసుకుంటున్నాడు.

"నాన్నా, ఇదంతా పరుపు వల్లే" అన్నాను.

"పరుపు వల్ల ఆయాసమా? దూది దుమ్ము వల్ల వచ్చిందంటే నమ్ముతాను. ఇందులో దుమ్మెక్కడుంది?"

"కంకిపాడులో తగ్గింది కదా."

"అది గాలి మార్పు."

నాకు ఒళ్లు మండింది. మెడికల్ పరీక్షకు ఇంకా అయిదు రోజులే ఉంది, ఈయనకు పరుపు పరువు ముఖ్యమైపోయింది. "అంత మంచిదైతే నువ్వే పడుకో" అని చాప లాక్కుని వసారాలోకి వచ్చేశాను. నాన్నతో అలా మాట్లాడటం అదే మొదలు. ఆయన కత్తి కడిగి పక్కన పెట్టి, "సరే, పడుకుంటాను" అన్నాడు.

అన్నంత పనీ చేశాడు. చొక్కా విప్పేసి, దుప్పటి కూడా వేసుకోకుండా, కిటికీలు బిడాయించుకుని దాని మీదే పడుకున్నాడు. కనీసం దుప్పటి పరుచుకోమని అమ్మ బతిమాలితే అక్కర్లేదన్నాడు. నేను వసారాలో హాయిగా నిద్రపోయాను. రోజు రోజుకీ తేలికపడ్డాను. ఆయన పొద్దున్నే గొంతు దాకా గుండీలు పెట్టుకుని ఆఫీసుకు పోయేవాడు. దగ్గుతున్నాడేమిటని అమ్మ అడిగితే ఆఫీసు ఫైళ్ల దుమ్మన్నాడు. మామూలుగా తుమ్ము వస్తే మాత్ర మింగే మనిషి, అమ్మ ఇచ్చిన మిరియాల పాలు కూడా వద్దన్నాడు. పట్టుదలకైనా ఒక హద్దుండాలని పళ్లు నూరుకున్నాను. ఆ అయిదు రోజులూ ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు.

సోమవారం పొద్దున్నే ఇద్దరం బస్సెక్కాం. బ్యారేజీ మీద వెళ్తుంటే కింద నీళ్లు మెరుస్తున్నాయి. నాకు భయం కొంత, సంబరం కొంత. నాన్న సీటుకు ఆనుకోకుండా నిటారుగా కూర్చున్నాడు. ఆనుకుంటే చొక్కా నలుగుతుందని కాబోలు అనుకున్నాను.

ఆస్పత్రిలో మా ఆరుగురు అమ్మాయిల్నీ వరుసగా పిలిచారు. డాక్టరమ్మ గారు పెద్దావిడ, కళ్లజోడు మీంచి చూసేవారు. నా వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. మెడ దగ్గర మాసిపోతున్న మచ్చల్ని వేలితో తడిమారు.

"కాస్త కూత వినిపిస్తోందమ్మా. ఎప్పట్నుంచి?"

"ఉబ్బసం కాదండీ, కొత్త పరుపు వల్ల వచ్చిందండీ."

"పరుపా?" ఆవిడ నవ్వి కలం అందుకున్నారు. "ప్రతి ఏడూ ఒక పిల్ల ఇలాగే ఏదో ఒకటి చెప్తుంది. రాత్రి డ్యూటీలో నువ్వే ఆయాసపడితే రోగుల్ని ఎవరు చూస్తారు?"

 నేను ఆవిడ చేతిలోని కలం వంకే చూస్తున్నాను. ఆ కలం కాగితం మీద ఆనితే నా పని అయిపోయినట్టే.

తలుపు దగ్గర కర్ర చట్రానికి తెర కట్టి ఉంది. దాని వెనక నుంచి నాన్న గొంతు వినిపించింది.

"అమ్మగారూ, లోపలికి రావచ్చాండీ?"

ఆవిడ రమ్మనగానే వచ్చి నమస్కారం పెట్టి, నా వంక చూడకుండా చొక్కా విప్పి అటు తిరిగాడు. అప్పుడు చూశాను ఆయన వీపు. మెడ నుంచి నడుము దాకా తాంబూలం ఉమ్మినట్టు ఎర్రగా దద్దుర్లు. కొన్ని చోట్ల గోకి గోకి చర్మం లేచిపోయింది. ఊపిరి తీస్తుంటే ఆ కూత నాకు నిలబడ్డ చోటికే వినపడింది.

"ఒక్కదానికే వస్తే రోగమంటారండీ. ఇద్దరికీ వస్తే పరుపుదే కదండీ తప్పు. అమ్మాయి చెప్పిన రోజు నుంచీ దుప్పటి లేకుండా దాని మీదే పడుకుంటున్నానండీ. నాకు ఇదివరకెప్పుడూ ఆయాసం లేదు. కొన్నది నేనే, ఆ గది కిటికీలు మూయించిందీ నేనే" అన్నాడు.

డాక్టరమ్మ గారు లేచి ఆయన వీపు మీద స్టెతస్కోపు పెట్టారు. తర్వాత నా వైపు తిరిగి, "ఆ మెట్లు మూడుసార్లు ఎక్కి దిగి రా" అన్నారు. నేను ఎక్కలేదు, ఎగిరాను. కళ్లలో నీళ్లు కారుతూనే ఉన్నాయి, కాళ్లు మాత్రం ఆగలేదు. తిరిగొచ్చాక ఆవిడ ముందూ వెనకా విన్నారు. ఊపిరి తేలిగ్గానే ఆడుతోంది, కూత పెరగలేదు. కూర్చుని కాగితం మీద ఏదో రాసి సంతకం పెట్టారు.

నాన్న ఇంకా చొక్కా చేతిలో పట్టుకునే నిలబడ్డాడు. నేను వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాను. అయిదు రోజులు ఈ మనిషి మీద పళ్లు నూరానని నాకు చచ్చేంత సిగ్గేసింది.

"ఇంత ఆయాసంతో బస్సులో ఎలా వచ్చారండీ? ఒక్క మాత్రయినా వేసుకోలేదా?" అన్నారు డాక్టరమ్మ గారు.

"తగ్గిపోతే మీకు చూపించడానికి ఏముంటుందండీ?" అన్నాడు నాన్న.

ఆవిడ సొరుగు తెరిచి రెండు మాత్రలు తీసి, గ్లాసుతో నీళ్లు ఆయన ముందు పెట్టారు. నాన్న వాటిని ముట్టుకోలేదు.

"అమ్మాయికి ఫిట్ అని రాశారాండీ?"

"రాశానండీ."

అప్పుడు వేసుకున్నాడు.