పెద్దమ్మ గిన్నె సర్వపిండి

పోయిన ఆదివారం పొద్దున నార్కట్‌పల్లి నుంచి ఫోన్ వచ్చింది. మేము చాలా ఏళ్లు కిరాయికి ఉన్న ఇంటి ఓనరమ్మ కాలం చేసింది. శనివారం సాయంత్రం దాకా వాకిట్లో కూర్చుని అందరినీ పలకరించిందట, నిద్రలోనే పోయిందట. వీధంతా ఆమెను పెద్దమ్మ అనే పిలిచేది. నాకూ పెద్దమ్మే. నల్లగొండలో బస్సెక్కి నార్కట్‌పల్లిలో దిగేదాకా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను. కానీ మనసులో మెదిలింది మాత్రం ఆమె గెలిచిన రోజే. ఆ రోజు గురించి మీకు చెప్పాలి.

ఒకప్పుడు మా వీధిలో పెద్దమ్మ చెయ్యి పడని పెళ్లి లేదు. పిండివంటలకు మొదటి మూకుడు పొయ్యి మీద పెట్టేది ఆమే. తెలంగాణ వచ్చిన కొత్తల్లో ఆమె భర్త పోయాడు. ఏడాది తిరిగాక పక్కింట్లో పెళ్లి కుదిరితే, ఎప్పటిలాగే కొంగు బిగించి సకినాలు చుట్టడానికి వెళ్లింది. ఆ ఇంటి ముసలమ్మ గడపలోనే ఆపింది.

"నువ్వు మూకుడు కాడికి రావొద్దు బిడ్డా. శుభకార్యం. అవుతల కూసో."

పెద్దమ్మ తిరిగొచ్చి, నల్లా కింద చేతులు కడుక్కుంది. ఆ చేతులకు పిండి అంటనేలేదు.

ఆ తర్వాత ఏ ఫంక్షన్‌కూ వెళ్లలేదు. ఒకరోజు మాత్రం నల్లగొండ వెళ్లి, ఆటోలో ఓవెన్ వేసుకుని దిగింది.

"కేకులు చేస్తవా పెద్దమ్మా?" అన్నాను.

"కేకులెవలికి గావాలె? మనకు కారం గావాలె."

మొదట చేసిన కారం బిస్కెట్లు గులకరాళ్లే. మా ఆయన కష్టపడి నమిలాడు. పెద్దమ్మ ఆయన దవడ వంకే చూసి, "నీళ్లు తాగు నాయినా, పళ్లు జాగర్త" అని పడిపడి నవ్వింది. చివరికి కుదిరింది సర్వపిండి. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానిన శనగపప్పు, ఉల్లాకు, కారం కలిపి, నూనె రాసిన చిన్న స్టీలు గిన్నెల లోపల పల్చగా అద్ది ఓవెన్‌లో పెట్టేది. అంచులు ఎర్రబడ్డాక బోర్లిస్తే కరకరలాడే బుజ్జి గిన్నెలు వచ్చేవి. వాటిలో మొలకెత్తిన పెసలు, ఉల్లిముక్కలు వేసి నిమ్మకాయ పిండేది. అంతే.

మా చెల్లి నిశ్చితార్థం ఆ ఇంట్లోనే. మగపెళ్లివాళ్లు మహబూబ్‌నగర్ నుంచి వచ్చేసరికి టిఫిన్ వేళ దాటుతుంది, భోజనం వేళ కాదు. ఆ మధ్యలో పెట్టడానికి పెద్దమ్మను అడిగాను. అచ్చంపేట నుంచి వచ్చిన మా మేనత్త గయ్యిమంది.

"గామెను ఎందుకు పిలుస్తున్నవే? ఇయ్యాల గామె మూకుడు ముట్టొద్దు."

మెట్ల మీద ఉన్న పెద్దమ్మకు వినిపించింది. మెల్లగా కిందికి దిగింది.

"ముట్టను వదినా. నా కాడ మూకుడే లేదు. పొయ్యి లేదు, నూనె కాగుడు లేదు. పెట్టె ఉన్నది. పెట్టెకు పట్టింపు ఉంటదని ఏ పెద్దోళ్లన్న చెప్పిన్రా?"

ముందు మా చెల్లి కిసుక్కున నవ్వింది. తర్వాత గట్టిగానే అంది: "పెద్దమ్మ చెయ్యకుంటే నేను పీట మీద కూసోను అత్తా."

ఆ పొద్దున మా వంటింట్లో ఎవరికీ చెమట పట్టలేదు. గిన్నెలు ఓవెన్‌లో పెట్టి పెద్దమ్మ స్నానం చేసి, బీరువాలో మూలపడిన ఆకుపచ్చ పట్టుచీర కట్టుకొచ్చింది. "నూనె కాడ నిలబడేటోళ్లు ఫంక్షన్ ఎప్పుడు చూడాలె? పిండి పెట్టెల పెట్టు, మంచి చీర కట్టు, ముందుకొచ్చి కూసో" అంటూ నన్నూ తయారు కమ్మని తరిమింది.

మగపిల్లవాడి తల్లి ఒక గిన్నె కొరికి, ఇంకొకటి తీసుకుంది. "ఎవలు చేసిన్రు గివి?"

నేను నోరు తెరిచేలోపే మా అత్త అంది: "మా వదినె చేసింది."

ఆవిడ పెద్దమ్మను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. పెళ్లికి రమ్మంటూ కుంకుమ భరిణ తీసింది. పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టి, "నాకు వద్దమ్మా" అంది.

"తెలుసక్కా. మేము పెళ్లికి బొట్టు పెట్టే పిలుస్తం."

పెద్దమ్మ చెయ్యి దించి, గడ్డం పైకెత్తింది.

ఆ తర్వాత నార్కట్‌పల్లిలో ఎన్ని పేరంటాలకో ఆమె ఓవెన్ వేడెక్కింది. ఒకటే షరతు: "ముందు వరుసల కుర్చీ ఏస్తెనే వస్త." పక్కింటి ముసలమ్మ కూడా మునిమనవరాలిని ఉయ్యాలలో వేసే తొట్లె ఫంక్షన్‌కు మనిషిని పంపింది. "పోయినవా పెద్దమ్మా?" అని అడిగితే, "పోక? పిలిచినంక అలుగుడేంది? ముందు కుర్చీల కూసొనే వచ్చిన" అంది.

చెల్లి పెళ్లినాడు ఓవెన్ కారు డిక్కీలో మహబూబ్‌నగర్ చేరింది. ఫంక్షన్ హాలు తలుపు నెట్టుకుని పెద్దమ్మ పెద్ద పళ్లెంతో వచ్చింది. వీడియో లైటు ఆమె మీద పడింది. ఆవిరికి కళ్లద్దాలు మసకబారి ముందేముందో కనపడటం లేదు. అయినా ఆగలేదు. నవ్వుతూ, ఆకుపచ్చ పట్టుచీర కుచ్చిళ్లు తన్నుకుంటూ, జనం మధ్యలోంచి నడుస్తూనే ఉంది. "జర జరుగుండ్రి! వేడి వేడిగున్నయి, జరుగుండ్రి!"