హ్యాండిల్ తిప్పితేనే ప్రవేశం

గుంటూరులో ఏటా చలికాలంలో ఓ ఆదివారం మేం కొందరు మిత్రులం పాత కార్ల ప్రదర్శన పెడతాం. దానికి నియమం పెట్టిన మహానుభావుణ్ణి నేనే. గేటు దగ్గర యజమాని తన కారు బంపర్ కన్నంలో ఇనుప హ్యాండిల్ దూర్చి, చేత్తో తిప్పి స్టార్ట్ చేయాలి. అలా స్టార్ట్ కాని బండికి లోపల చోటు లేదు. చుట్టూ జనం ఈలలు వేస్తుంటే మాకు కడుపు నిండిపోయేది.

ఐదేళ్ళ కిందట నా కుడి భుజం పట్టేసింది. బ్రాడీపేట డాక్టరు చెయ్యి పైకెత్తొద్దన్నాడు. ఆ సంగతి మా వాళ్ళకి చెప్పుకోవడం నాకు నామోషీ. అందుకని ఆ ఏడు గేటు దగ్గర నా అంబాసిడర్‌లో మా ఆవిణ్ణి కూర్చోబెట్టాను. నేను ముందు నిలబడి హ్యాండిల్ తిప్పినట్టు ఒళ్ళంతా ఊపుతుంటే, ఆమె లోపల తాళం తిప్పి సెల్ఫ్ కొట్టింది. చప్పట్లు మోగిపోయాయి. సిగ్గులేకుండా అందరికీ దండం కూడా పెట్టాను.

"ఈ వయసులో ఈ వేషాలేంటండీ?" అంది మా ఆవిడ దిగుతూ.

నా వెనకే వరసలో చిన్న ఎర్ర కారు ఉంది. దాచేపల్లి నుంచి ఓ మిర్చి రైతు, కాలేజీలో చదివే ఆయన కూతురు తెచ్చారు. పాతికేళ్ళ నాటి బండి. ఎంత రుద్ది కడిగారో, తళతళలాడుతోంది. తలుపుల రబ్బరు అంచుల్లో మాత్రం వాళ్ళ ఊరి సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము పోలేదు. దానికి హ్యాండిల్ కన్నమే లేదు.

"ఇది పాత కారు కాదమ్మా, సెకండ్ హ్యాండ్ కారు. ఎక్కడైనా బేరానికి పెట్టుకోండి" అన్నాను. మా వాళ్ళు పగలబడి నవ్వారు.

"నేను పుట్టినప్పుడు ఆసుపత్రి నుంచి ఇందులోనే తెచ్చారండీ. ఓ మూల నిలబెట్టుకుంటాం" అంది ఆ అమ్మాయి. వాళ్ళ నాన్న నా అంబాసిడర్ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, "పదమ్మా" అన్నాడు.

ఇప్పుడు మాకు ఐదు కార్లే మిగిలాయి. పోయినవాళ్ళు పోయారు, వాళ్ళ పిల్లలు బండ్లు అమ్మేశారు. ఈ ఏడు నియమం ఎత్తేసి, "కొత్త బండ్లకు, యువతకు స్వాగతం" అని ఫ్లెక్సీ కట్టాం. వస్తామని ఒక్కరూ పేరివ్వలేదు. ఎందుకొస్తారు? పాత దరఖాస్తుల్లో ఆ అమ్మాయి నంబరు వెతికి ఫోన్ చేశాను. ఆమె వస్తే ఆమెను చూసి ఇంకో నలుగురు వస్తారని ఆశ. రాకపోతే మా ప్రదర్శన ఇంతటితో సరి.

"బండి లేదండీ. ఆ రోజు ఇంటికొచ్చాక నాన్నగారు దాన్ని మళ్ళీ తుడవలేదు. పోయినేడు తుక్కుకి ఇచ్చేశారు."

"పోనీ, మీ నాన్నగారినైనా తీసుకురామ్మా. నేను పిలిచానని చెప్పు."



"ఆయన రారండీ. ఆ రోజు మీ కారు సెల్ఫ్ మీద స్టార్ట్ అయిందని చప్పుడు విని అప్పుడే కనిపెట్టారు. అక్కడే అడిగేద్దామన్నాను నేను. వద్దమ్మా, పెద్దాయన, పదిమందిలో పరువు పోతుంది అన్నారు."